అడ్డపొగ తాగే అమ్మ అంగిలిపై మచ్చ: నొప్పి లేకపోయినా ఎందుకు చూపించాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. శ్రీకాకుళం జిల్లా తీరప్రాంత గ్రామంలో ఉంటున్న మీ అమ్మగారికి దాదాపు అరవై ఏళ్ళు. చిన్న వయసులోనే ఆమెకు అడ్డపొగ అలవాటైంది, అంటే చుట్ట వెలిగించి, కాలుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని పొగ తాగుతారు. మీరు పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు ఆమె అంగిలి తెల్లబారి, దాని మధ్య ఒకచోట ఎర్రగా ఉండటం మీ కంట పడింది. ఊళ్ళోని ఆర్‌ఎంపీ వేడి చేసిందని చెప్పి బీ కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చారు. నెల గడిచినా మచ్చ అలాగే ఉంది, అయితే ఆమెకు నొప్పి లేదు, అన్నం ఎప్పటిలాగే తింటున్నారు. ఇది క్యాన్సరా, ముక్క తీసి పరీక్ష చేయించాలా, చుట్ట మానేస్తే సరిపోతుందా అని అడిగారు. నోటి వ్యాధుల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఉత్తరాంధ్ర పల్లెల్లో నోటి పరీక్షా శిబిరాలు నడిపిన దంత వైద్యుడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు సమాధానం. తెల్లబారిన భాగం చాలావరకు చుట్ట వేడివల్లా పొగవల్లా ఏర్పడినదై ఉండవచ్చు, అలవాటు మానితే అది తగ్గే అవకాశం బాగానే ఉంది. ఎర్రగా ఉన్న చోటు విషయంలో మాత్రం అలా వేచి చూడకూడదు. నెల రోజులుగా మానకుండా ఉన్న ఎర్రమచ్చను ఈ వారంలోనే దంత వైద్యుడికో, చెవి ముక్కు గొంతు వైద్యుడికో చూపించాలి, వారు ముక్క తీసి పరీక్ష చేయాలంటే వెంటనే చేయించాలి. క్యాన్సర్ అవునో కాదో మీరు రాసిన వర్ణన చదివి నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు కూడా. సూక్ష్మదర్శిని కింద చూస్తేనే అది తేలుతుంది.

మీ అమ్మగారి అలవాటు గురించి వైద్యలోకానికి చాలాకాలంగా తెలుసు. క్యాన్సర్ పరిశోధకుడు వి. ఆర్. ఖానోల్కర్, ఆయనతో కలిసి పనిచేసిన సూర్యాబాయి 1945లోనే మన దేశపు అలవాట్లతో ముడిపడిన క్యాన్సర్ల గురించి రాస్తూ చుట్టవల్ల వచ్చే క్యాన్సర్‌ను ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ తరవాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధకులు, డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. ఆ పల్లెల్లో పరీక్షించిన వారిలో 40 శాతానికి పైగా అడ్డపొగ తాగేవారే, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. అడ్డపొగ అలవాటు లేని చోట్ల గట్టి అంగిలికి, అంటే అంగిలిలో ఎముక ఉన్న ముందు భాగానికి, క్యాన్సర్ రావడం ఇంత తరచుగా కనబడదు. మామూలుగా నోటి క్యాన్సర్ నాలుక పక్కల్లోనో, బుగ్గ లోపలో, చిగుళ్ళమీదో వస్తుంది. అంగిలి మీద వచ్చిందంటే, ఆ మనిషి ఏ ప్రాంతం వారో, ఏ అలవాటు ఉన్నవారో అడగకుండానే ఊహించగలిగేవాళ్ళం.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఎండిన పొగాకును చేత్తో చుట్టిన మోటు చుట్ట అది. నిప్పున్న కొస నోటి లోపల ఉండి, పెదవులు మూసుకుని ఉంటాయి కనుక గాలి బయటి కొసనుంచి కొద్దికొద్దిగా అందుతుంది, చుట్ట నెమ్మదిగా కాలుతుంది. గాలికీ వానకీ ఆరిపోదు, చేతులు ఖాళీగా ఉంటాయి, నాట్లు వేస్తూనో చేపలు ఎండబెడుతూనో కాల్చుకోవచ్చు. పంటినొప్పికి మంచిదనీ, నోటి వాసన పోతుందనీ నమ్మకం కూడా ఉంది. తల్లి తాగుతుండగా చూసి కూతురు నేర్చుకుంటుంది. ఇన్ని సౌకర్యాలున్న అలవాటును తెలివితక్కువతనమని తీసిపారేస్తే మీ అమ్మగారు మీ మాట వినరు. హాని కూడా అక్కడే ఉంది: నిప్పు వేడి, పొగలోని విషపదార్థాలు, బూడిద, మూడూ ఒకే చోట, అంగిలికి అతిదగ్గరగా, రోజూ, దశాబ్దాల పాటు తగులుతాయి. అంగిలి చర్మం పలచగా ఎముకకు అంటుకుని ఉంటుంది. అక్కడ పుట్టిన క్యాన్సర్ లోతుకు దిగితే త్వరగా ఎముకను తాకుతుంది, ఆపైన ఉన్న ముక్కులోకీ పై దవడ ఎముకలోని గాలి గదిలోకీ వెళుతుంది. అందువల్ల అంగిలి విషయంలో ఆలస్యానికి మూల్యం ఎక్కువ.

అడ్డపొగ తాగేవారి అంగిలిని శిబిరాల్లో చూసేటప్పుడు కొన్ని మార్పులు చాలామందిలో కనిపిస్తాయి, అన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. మొదట అంగిలి అంతా పాలిపోయి, బూడిద కలిసిన తెలుపులోకి మారుతుంది. దాని మీద సన్నటి పొక్కుల్లాంటి ఉబ్బెత్తులు లేస్తాయి, ఒక్కొక్క దాని మధ్యలో సూదిమొనంత ఎర్రటి చుక్క ఉంటుంది. అవి అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల నాళాలు వాచి తెరుచుకున్న చోట్లు. కొందరిలో నల్లగానో గోధుమరంగులోనో మచ్చలు పడతాయి, కొందరిలో రంగు పోయి తెల్లని ఖాళీలు ఏర్పడతాయి. ఇవి కనిపించగానే క్యాన్సర్ అని కాదు, అలాగని వదిలెయ్యదగినవీ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు అడ్డపొగ తాగేవారి అంగిలి మార్పులను క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న నోటి మార్పుల జాబితాలో ప్రత్యేకంగా చేర్చారు.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది ఎరుపు. చుట్టూ తెల్లగా ఉండి, మధ్యలో నున్నగా, మఖమల్ బట్టలాగా ఎర్రగా ఉన్న చోటు తెల్లమచ్చకన్నా చాలా ఎక్కువ అనుమానించదగినది. ఎరుపు, తెలుపు కలిసి ఉన్నా, ఆ చోట పుండు పడ్డా, వేలితో తాకితే గట్టిగా తగిలినా, అంచులు పైకి లేచి ఉన్నా, ముట్టుకుంటే రక్తం చిమ్మినా అనుమానం పెరుగుతుంది. తెల్లగా ఉన్న భాగాన్ని మీరు శుభ్రమైన తడి గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. మీగడలా ఊడిపోతే అది బూజు లాంటి ఫంగస్ జబ్బు కావచ్చు, కట్టుడు పళ్ళు పెట్టుకునేవారిలోనూ చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ అది సాధారణం. తుడిస్తే పోని తెలుపు వేరు, దాన్ని తప్పక చూపించాలి.

ఇప్పుడు నొప్పి గురించి. ఎన్ని పల్లెలు తిరిగినా నాకు వినిపించిన మాట ఒకటే: “నొప్పేటీ నేదు బాబూ.” ఆ మాట నిజమే. నోటి క్యాన్సర్ మొదలైన రోజుల్లో చాలామందికి నొప్పి ఉండదు. కారం తగిలితే కాస్త చురుక్కుమంటుంది, అంతే. పుండు లోతుగా దిగి, నరాలకో ఎముకకో తగిలాక, లేదా చీము పట్టాక నొప్పి మొదలవుతుంది. అప్పటికి నెలలు గడిచిపోతాయి. నిజానికి సాధారణమైన నోటిపూత, నిమ్మగింజంత గుండ్రటి పుండు, మొదటి రోజునుంచే విపరీతంగా మండుతుంది, పది పద్నాలుగు రోజుల్లో దానంతటదే మానిపోతుంది. కాబట్టి నోటి పుండు విషయంలో నొప్పి చెప్పే సంగతి మనం అనుకునేదానికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. నమ్మవలసినది రోజుల లెక్కను. రెండు వారాలు దాటినా మానని పుండు, మచ్చ, గడ్డ ఏదైనా, నొప్పి ఉన్నా లేకపోయినా, వైద్యుడి కంటబడాలి. మూడు వారాలు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు.

ఈ రెండు వారాలే మన పల్లెల్లో ఎలా నెలలవుతాయో నేను చాలాసార్లు చూశాను. మొదట వేడి అని మజ్జిగ తాగిస్తారు, తరవాత బీ కాంప్లెక్స్, ఆ తరవాత నోట్లో రాసుకునే ముదురు రంగు మందు. పన్ను కదులుతోందని ఎవరో పీకేస్తారు, ఆ గుంట మానదు, ఇంకో పన్ను పీకుతారు. కారణం లేకుండా పక్కపక్క పళ్ళు రెండు మూడు కదలడమూ, పీకిన పంటి గుంట వారాల తరబడి పూడకపోవడమూ, ఎన్నాళ్ళుగానో సరిపోతున్న కట్టుడు పళ్ళు అకస్మాత్తుగా పట్టకపోవడమూ క్యాన్సర్ సంకేతాలు కావచ్చని పళ్ళు పీకేవారందరికీ తెలిసి ఉంటే ఎంతో కాలం మిగిలేది. మీ అమ్మగారికి బీ కాంప్లెక్స్ ఇచ్చిన ఆర్‌ఎంపీని నేను నిందించను. ఊళ్ళో పిలిస్తే పలికేది ఆయనే. అయితే పది రోజుల్లో తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపాలన్న మాట ఆయనకు మీరు చెప్పవచ్చు, చెబితే ఆ ఊళ్ళో ఇంకెందరికో మేలవుతుంది.

మీ ఇంట్లో ఇంకెవరికైనా పొగాకు అలవాటు ఉంటే వాళ్ళ నోరు కూడా అదే రోజు చూడండి. పొగాకు నోట్లో ఏ చోట నిలుస్తుందో ఆ చోటనే ముందుగా మచ్చ పడుతుంది. సున్నంతో నలిపిన ఖైనీని కింది పెదవి వెనక గాడిలో పెట్టుకునేవారికి ఆ గాడిలో, ముడతలు పడి తెల్లబారిన చర్మం కనిపిస్తుంది. గుట్కా, జర్దా కిళ్ళీ బుగ్గన పెట్టుకునేవారికి అదే వైపు బుగ్గ లోపల, చిగురుకూ బుగ్గకూ మధ్య కనిపిస్తుంది. బీడీ కాల్చేవారికి పెదవుల మూలల వెనక తెల్లమచ్చ వస్తుంది. పొగాకు కాడ నమిలే పెద్దవాళ్ళను ఏ వైపు నములుతారో అడిగి ఆ వైపు చూడండి. కుర్రవాళ్ళలో ఇంకొకటి గమనించాలి. పొగాకు లేని వక్కపొడి కూడా క్యాన్సర్ కారకమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని 2004లో ఆ కోవలో చేర్చింది. వక్క, గుట్కా నమిలేవారి బుగ్గలు లోపల తోలులా గట్టిపడి, నోరు తెరవడం తగ్గుతూ వస్తుంది, కారం అసలు తినలేరు. మధ్య మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పెట్టి చూడమనండి, పట్టకపోతే వెంటనే చూపించాలి. ఈ వ్యాధిలో గట్టిపడిన బుగ్గ పూర్తిగా మామూలు స్థితికి రాదు, వక్క ఆపితే ముదరడం మాత్రం ఆగవచ్చు.

నోరు చూసే విధానం చెబుతాను, ఇది మీరు ఇంట్లోనే చేయగలరు. అమ్మగారిని పగటిపూట గుమ్మం దగ్గర వెలుతురుకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టండి. కట్టుడు పళ్ళుంటే తీయించండి. నీళ్ళతో రెండుమూడుసార్లు బాగా పుక్కిలించమనండి, ఎందుకంటే బూడిద, పొగాకు జిగురు పట్టిన గోధుమరంగు పొర కింద మచ్చలు దాగిపోతాయి. తల వెనక్కి వాల్చి నోరు బాగా తెరవమని, ఫోను టార్చి వేసి ముందు అంగిలి చూడండి, ముందు పళ్ళ వెనకనుంచి కొండనాలుక దాకా. తరవాత పెదవుల లోపలి వైపు, శుభ్రమైన చెంచా వెనకతో బుగ్గలను పక్కకు లాగి వాటి లోపలి గోడలు, చిగుళ్ళు చూడండి. నాలుకను బయటికి చాపమని, కొసను శుభ్రమైన గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి రెండు పక్కలూ చూడండి. నాలుకను పైకి ఎత్తమని దాని కింద నోటి అడుగు భాగాన్ని చూడండి. నాలుక పక్కల్నీ కిందినీ జనం మరచిపోతారు, క్యాన్సర్ అక్కడా తరచుగా పుడుతుంది. చివరగా దవడ కిందా మెడకు రెండు వైపులా వేళ్ళతో తడిమి గడ్డలున్నాయేమో చూడండి. నొప్పి లేని గట్టి గడ్డ ఉంటే అది వైద్యుడికి తప్పక చెప్పవలసిన విషయం. గొంతు మారడం, మింగడంలో ఇబ్బంది, నాలుకకో పెదవికో తిమ్మిరి, ఒక వైపు చెవిపోటు ఉంటే అవీ చెప్పండి. ఎర్రమచ్చకు ఒక ఫోటో తీసి తేదీ రాసి ఉంచండి, వైద్యుడికి చూపించడానికి పనికొస్తుంది. ఆ ఫోటో మరో రెండు వారాలు వేచి ఉండటానికి మాత్రం కాదు, మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది.

ఇంత సాదాసీదా పరీక్షతో ప్రాణాలు దక్కుతాయా అని మీకు సందేహం కలగవచ్చు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీల్లో జరిగిన పెద్ద అధ్యయనం ఈ సందేహాన్ని తీర్చింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ వెళ్ళి కంటితో నోరు చూసి, అనుమానం ఉన్నవారిని ఆసుపత్రికి పంపారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మన దేశంలో ముప్పై ఏళ్ళు దాటినవారికి నోటి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్మునో అడిగితే ఆరోగ్య ఉపకేంద్రంలో చూస్తారు, అక్కడినుంచే పై ఆసుపత్రికి రాసి పంపిస్తారు.

మీ అమ్మగారి విషయంలో అయితే నేరుగా శ్రీకాకుళంలోని ప్రభుత్వ బోధనాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడినుంచి అవసరమైతే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి గానీ, అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్ళవచ్చు. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. క్యాన్సర్ అని తేలితే శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ప్రభుత్వ పథకం కింద అందుతాయి, చేరగానే ఆ పథకం విషయంలో రోగులకు సాయం చేసే అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి.

ముక్క తీయించడానికి మీ అమ్మగారు భయపడితే ఆశ్చర్యపోను. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట ప్రతి ఊళ్ళోనూ ఉంది. ముక్క తీశాక ఆర్నెల్లకు పోయారని ఎవరినో ఉదాహరణ చూపుతారు. అలా పోయినవారు ముదిరిన దశలో వచ్చినవారు, ముక్క తీయకపోయినా వారి జబ్బు ఆ దారినే వెళ్ళేది. పరీక్ష కోసం పన్ను పీకేటప్పటిలా సూది మందు ఇచ్చి ఆ చోటు తిమ్మిరెక్కించి, బియ్యపు గింజకన్నా కాస్త పెద్ద ముక్క తీస్తారు. రెండు మూడు రోజులు మెత్తని, చల్లని ఆహారం తింటే సరిపోతుంది. మీరు వైద్యుడితో ఒక మాట అనవచ్చు: తెల్లగా ఉన్న చోటునుంచి మాత్రమే కాకుండా ఎర్రగా ఉన్న చోటునుంచి కూడా ముక్క తీయమని. మార్పులన్నీ ఒకే చోట ఒకేలా ఉండవు, తీసిన చోటును బట్టి ఫలితం మారవచ్చు.

ఇక చుట్ట. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల పల్లెల్లో 1977లో మొదలైన అధ్యయనంలో పొగాకు అలవాటున్న 36,000 మందికి ఇళ్ళకు వెళ్ళి నోరు చూసి, మానమని పదే పదే చెప్పి, ఏళ్ళ తరబడి గమనించారు. మానినవారిలోనూ బాగా తగ్గించినవారిలోనూ మచ్చలు రావడం తగ్గింది, ఉన్నవి కొన్ని పోయాయి. కాబట్టి ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం అని ఆమె అంటే, లాభం ఉందని ధైర్యంగా చెప్పండి. నిప్పును బయటికి తిప్పి మామూలుగా కాలుస్తానంటే ఒప్పుకోకండి, అంగిలికి వేడి తగ్గినా పొగ తగ్గదు. చుట్టకు బదులు కాడ, ఖైనీ, వక్క మొదలుపెట్టనివ్వకండి. మొదటి వారం పది రోజులు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి ఉంటాయి, ఆ రోజుల్లో మీరు ఊళ్ళో ఉండగలిగితే మంచిది. ఆమె చుట్ట ముట్టించే వేళలు తెలుసుకుని ఆ వేళకు మరో పని కల్పించండి, తోటివాళ్ళు కూడా అడ్డపొగ తాగేవారే అయితే వాళ్ళతోనూ మాట్లాడండి. అవసరమైతే చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీలు వైద్యుడి సలహాతో వాడవచ్చు, నోట్లో పుండున్నప్పుడు నమిలే నికోటిన్ గమ్ కంటే అవి మేలు. పొగాకు మానాలనుకునేవారికి జాతీయ ఉచిత సహాయ నంబరు 1800-11-2356. సిగరెట్, గుట్కా పొట్లాల మీద బొమ్మల హెచ్చరికతో పాటు ఆ నంబరు ఉంటుంది. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు పొట్లమే లేదు కనుక మీ అమ్మగారి వంటివారికి ఆ హెచ్చరిక ఎప్పుడూ చేరలేదు, అది మీరే చెప్పాలి.

ఫలితం మూడు రకాలుగా రావచ్చు. కణాల్లో ప్రమాదకరమైన మార్పు లేదని వస్తే చుట్ట మానించి, వైద్యుడు చెప్పిన గడువుల్లో, మొదట మూడు నాలుగు నెలలకోసారి అయినా, అంగిలి చూపిస్తుండాలి. కణాలు దారి తప్పుతున్నాయని వస్తే, ఎంత మేరకు అన్నదాన్ని బట్టి ఆ భాగాన్ని కోసి తీసేస్తారు లేదా దగ్గరగా గమనిస్తారు. క్యాన్సర్ అని వచ్చినా, చిన్నదిగా ఉండి మెడ గ్రంథులకు పాకకపోతే శస్త్రచికిత్సతో నయమయ్యేవారే ఎక్కువ. ఎముక దాకా వెళితే అంగిలిలో కొంత భాగం తీయవలసి వస్తుంది, అప్పుడు తిన్నది ముక్కులోకి రాకుండా, మాట ముక్కుతో రాకుండా ఆ రంధ్రాన్ని మూసే పళ్ళెం లాంటి కట్టుడు పరికరాన్ని దంత వైద్యులు తయారుచేస్తారు. దాన్ని రోజూ తీసి కడిగి పెట్టుకోవడం అలవాటైతే తినడం, మాట్లాడటం చాలావరకు కుదురుతాయి. నివేదిక చేతికి వచ్చాక అందులోని మాటలు అర్థం కాకపోతే పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి ఆ వాక్యాలు మాత్రం రాయండి, చదివి వాటి అర్థం వివరిస్తాను.